ఎవ్‌జెన్‌కు తప్ప అందరికీ

రడ్మిలా పెళ్ళి భోజనానికి వెళ్ళినా ముందు ఊరగాయ సీసా తిప్పి, దాని మీది చీటీ చదివాకే పళ్ళెం ముట్టుకుంటుందని చెక్ దేశంలోని వాళ్ళ బ్రనో ఆఫీసులో ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది పక్క కుర్చీలో కూర్చునే కామిల్. పుట్టించినవాడు కామిలే అయినా అందులో అబద్ధం మాత్రం లేదు.

ఆమె చేసే ఉద్యోగమే అలాంటిది. వాళ్ళ సంస్థ 'సౌతోక్' అనే లినక్స్‌ను, అంటే కంప్యూటరును నడిపించే మూల వ్యవస్థను, తయారుచేసి, కావలసిన వాళ్ళందరికీ ఉచితంగా ఇస్తుంది. అందులో వేలకొద్దీ ప్యాకేజీలుంటాయి. ఒక్కొక్కటీ ఎక్కడో ఎవరో రాసి, పదిమందీ వాడుకోండని వదిలిపెట్టిన ప్రోగ్రాము. అలా వదిలేటప్పుడు ఒకరు నా పేరు చెరపకండంటారు, ఇంకొకరు మీరు మార్చింది కూడా అందరికీ ఇవ్వండంటారు. ఆ మాటే లైసెన్సు. ప్యాకేజీ పైన అంటించిన చీటీలో ఏ లైసెన్సని ఉందో, లోపలి ఫైళ్ళలోనూ అదే ఉందా అని చూడడం, తేడా వస్తే చీటీ దిద్దడం రడ్మిలా పని. ఆ పని ఇంకెవరూ కోరి అడగలేదు. ఆమె అడిగి మరీ తీసుకుంది.

సెప్టెంబరు చివర్లో ఒక ఉదయం ఆమె 'అబెత్సెదా' అనే చిన్న ప్యాకేజీ విప్పింది. అబెత్సెదా అంటే అక్షరమాల. అది చేసేదల్లా చెక్ మాటలను అకారాది క్రమంలో పేర్చడం. చిన్నదే గాని, లైబ్రరీ జాబితాలూ బడి హాజరు పట్టీలూ చేసే ప్రోగ్రాములన్నీ లోలోపల దాని భుజం మీద చెయ్యి వేసుకునే నిలబడి ఉన్నాయి. చీటీ మీద 'ఎం.ఐ.టి. లైసెన్సు' అని రాసుంది. రచయిత పేరు, ఈ లైసెన్సు మాటలు ఉంచితే చాలు, ఎవరైనా ఏమైనా చేసుకోవచ్చని దాని సారాంశం. మొదటి ఫైలు తెరిస్తే అదే ఉంది. రెండో దాంట్లోనూ అదే. అన్నిటికన్నా అడుగున పడి ఉన్న ఫైల్లో ఇంగ్లీషు లైసెన్సంతా అయిపోయాక, చెక్ భాషలో ఇంకొక వాక్యం కనిపించింది.

"పై అనుమతులన్నీ మా చెల్లెలి మొగుడు ఎవ్‌జెన్ హనాక్‌కు తప్ప, భూమ్మీద అందరికీ వర్తిస్తాయి."

రడ్మిలా కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుంది. వాక్యం అక్కడే ఉంది.

"కామిల్, ఒకసారి ఇలా రా."

కామిల్ కాఫీ కప్పుతో వచ్చి, వంగి చదివి, కాఫీ ఒలికించుకుని, మళ్ళీ చదివాడు.

"అబ్బ! ఎంత బాగా రాశాడే!"

"చీటీ రాసినవాళ్ళు ఇది చూడలేదు."

"పాపం తొందరలో ఉండుంటారు."

"నీ పేరే ఉంది."

"అదే చెప్తున్నా. తొందరలో ఉన్నాను."

రడ్మిలా నవ్వలేదు. సౌతోక్‌లో చేర్చే ప్రోగ్రాము ఏదైనా సరే, ఫలానావాడు వాడకూడదు అని మనిషిని వెలివేసే షరతు ఉండకూడదని వాళ్ళకొక నియమం. చీటీ మీద ఉన్నదున్నట్టు రాస్తే, ఆ మధ్యాహ్నానికల్లా అబెత్సెదాను బయట పెట్టాలి. దాని మీద ఆనుకున్నవన్నీ కూడా దాని వెనకే వీధిన పడతాయి.

"వదిలెయ్యి తల్లీ," అన్నాడు కామిల్. "అబద్ధం ఉంచితే ఒక్క బావగారు అలుగుతాడు. నిజం రాస్తే దేశంలో లైబ్రరీలన్నీ అలుగుతాయి. ఇంతకీ నష్టం ఎవరికి?"

"ఎవ్‌జెన్‌కి."

"ఎవడు వాడు?"

"నాకేం తెలుసు? ఎక్కడో ఉన్నాడుగా. మిగతావాళ్ళకి చీటీ ఎలా ఉన్నా ఒకటే. అది చూసుకోవాల్సింది అతనొక్కడే."

కామిల్ తను ఒలికించిన కాఫీ తుడవడానికి గుడ్డ వెతికాడు. అది చాలా అరుదు కాబట్టి రడ్మిలా ఆ క్షణాన్ని కాస్త అనుభవించి, రచయితకు మెయిలు రాయడానికి కూర్చుంది.

రచయిత పేరు డలిబోర్ ఖర్వాత్. వాతావరణ శాఖలో కంప్యూటర్ల దగ్గర పనిచేసి రిటైరై, పాలవా కొండల కింద హూర్కి అనే ద్రాక్షతోటల ఊళ్ళో ఉంటున్నాడు. రడ్మిలా నియమం వివరించి, ఆ ఒక్క వాక్యం తీసేయమని మర్యాదగా రాసింది. సాయంత్రానికి జవాబొచ్చింది. "మిగతాదంతా కావాలంటే తీసెయ్యండి. ఆ వాక్యం ఉండాలి. డ. ఖ."

ఆదివారం ఆమె హూర్కి బస్సెక్కింది.

అది బుర్చాక్ రోజులు. ద్రాక్షరసం సగం పులిసి, ఇంకా వైను కాక, గ్లాసులో బుసబుసలాడుతూ ఉండే వారాలు. కడుపులోకి వెళ్ళాక కూడా దాని పులియడం ఆగదని తెలిసినవాళ్ళు చూసుకుని తాగుతారు. డలిబోర్ తన నేలమాళిగ గుమ్మం ముందు బల్ల వేసుకుని ఉన్నాడు. ఎర్రటి ముఖం, తెల్లటి కనుబొమలు, పెద్ద పొట్ట. రడ్మిలా పేరు చెప్పగానే ఆయన గ్లాసు నింపి ముందుకు తోశాడు.

"ముందు ఇది పుచ్చుకోండి ఇంజనీరమ్మా. తరవాత కుదరదని చెప్తాను."

"కుదరదని మెయిల్లోనే చెప్పారు కదండీ."

"ఎదురుగా చెప్తే మర్యాద."

ఆమె ఒక గుక్క తాగి, ఆ ఎవ్‌జెన్ ఏం చేశాడని అడిగింది. ఆయన ఎదురు చూస్తున్నదే ఆ ప్రశ్న.

చెక్ అక్షరమాలలో సి, హెచ్ పక్కపక్కన పడితే అది వేరే అక్షరం. మన 'ఖ'కు దగ్గరగా పలుకుతుంది, వరసలో హెచ్ తరవాత కూర్చుంటుంది. నిఘంటువులో 'క్ష' ఎక్కడుందో తెలియక మనం కాగితాలు తిప్పినట్టే, తెలియని కంప్యూటరు దాన్ని సి దగ్గర వెతుకుతుంది. డలిబోర్ అబెత్సెదా మొదటిసారి రాసినప్పుడు ఈ సంగతి మరిచిపోయాడు. చెల్లెలి మొగుడు ఎవ్‌జెన్, భూగోళం మాస్టారు, సరదాకి ప్రోగ్రాములు నేర్చుకున్నవాడు, అది కనిపెట్టి, సరిచేసే ప్రోగ్రాము వరసలు రాసి ఒక డిస్కులో పెట్టి ఇచ్చాడు.

"అక్కడితో ఊరుకున్నాడా? మా అమ్మాయి పెళ్ళిలో మైకు పుచ్చుకున్నాడమ్మా! రెండూళ్ళ చుట్టాలు, వాయిద్యాల వాళ్ళు, అందరూ ఉన్నారు. 'మా బావ మాతృభాషలో ఒక అక్షరం మరిచిపోయాడు' అన్నాడు. అందరూ నవ్వారు. అక్కడితో ఆగాడా? 'అది ఏ అక్షరమో కాదు, ఆయన ఇంటిపేరులో మొదటిదే' అన్నాడు!"

రడ్మిలా గ్లాసు నోటికి అడ్డం పెట్టుకుంది. ఖర్వాత్. సి, హెచ్.

"నవ్వండి, నవ్వండి. వియ్యపురాలు ఇప్పటికీ నన్ను చూస్తే నవ్వుతుంది. ఆ మర్నాడే ఇంటికొచ్చి ఆ వాక్యం రాశాను. నా ప్రోగ్రాము, నా ఇష్టం."

"అంతా మీది కాదు కదండీ," అంది రడ్మిలా మెల్లిగా. "ఆయన డిస్కులో ఇచ్చిన వరసలు అందులోనే ఉన్నాయిగా? వాటి మీద హక్కు ఆయనదే. ఏ షరతుల మీద ఇచ్చారు?"

"షరతులేంటి? స్లివోవిత్స సీసాతో పాటు ఇచ్చాడు."

"కాగితం మీద ఏమీ లేదా?"

"సీసా మీద ఉంది. ఆల్‌బుకరా పళ్ళ సారా అని."

"అయితే ఆయన రాసింది ఆయనే వాడుకోకూడదని మీరు అన్నట్టయింది. ఆయన అనుమతి లేకుండా మీరు అందరికీ పంచినట్టూ అయింది."

డలిబోర్ కనుబొమలు నుదుటి మీదకు పాకాయి. "అంటే నా ప్రోగ్రాముకు నేను వాడి దగ్గరికెళ్ళి దేహీ అనాలా? వాడి వరసలు తీసి పారేస్తాను! నేనే మళ్ళీ రాస్తాను!"

"రాయండి."

ఆయన తన గ్లాసు మళ్ళీ నింపుకున్నాడు.

"రాసి చూశాను," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "దానికంటే బాగా రాలేదు. బాగా రాశాడు, వెధవ."

అప్పుడే ఒక ఆవిడ పళ్ళెం మీద గుడ్డ కప్పుకుని తోట దారిలోంచి వచ్చింది. డలిబోర్ చెల్లెలు, ఎవ్‌జెన్ భార్య వ్లాస్తా. పళ్ళెంలో ఆల్‌బుకరా పళ్ళ ముద్ద పెట్టి కాల్చిన కొలాచ్ బిళ్ళలున్నాయి. పెళ్ళి నాటినుంచీ అన్నయ్యకూ మొగుడికీ మధ్య మాటలన్నీ ఆవిడ నోటి మీదుగానే నడుస్తున్నాయట. రడ్మిలా వచ్చిన పని వినగానే ఆవిడ పళ్ళెం బల్ల మీద పెట్టేసింది.

"లైసెన్సులో రాశావా? మా ఆయన పేరు? లోకమంతా చదివేలా?"

"లోకం చదవదే, వ్లాస్తా. అవి ఎవరూ చదవరు."

"ఈ అమ్మాయి చదివిందిగా! నువ్వు రామ్మా. ఊరి లైబ్రరీ ఆయనే చూసుకుంటాడు. ఆదివారమైనా సరే, అక్కడే ఉంటాడు, ఏం వెలగబెడతాడో."

ఊరి లైబ్రరీ పాత అగ్నిమాపక కేంద్రంలో ఒక గది. ఎవ్‌జెన్ హనాక్ సన్నగా, నిటారుగా, చొక్కా పై బొత్తాం దాకా పెట్టుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. సౌతోక్ నుంచి వచ్చానని రడ్మిలా అనగానే లేచి నిలబడ్డాడు.

"నా వాక్యం గురించేనా?"

"మీ వాక్యమా?"

"నా పేరున్న వాక్యం నాది కాక ఎవరిదమ్మా? అది వచ్చిన ఏడాదే చదివాను."

"మరి నాకు చెప్పలేదేం?" అంది వ్లాస్తా.

"చెబితే నువ్వెళ్ళి తీయించేస్తావు." ఆయన రడ్మిలా వైపు తిరిగాడు. "చూడండి, రాజులకు, మంత్రులకు ఇలాంటి గౌరవం దక్కలేదు. భూమ్మీద అందరికీ అన్నాడు, నాకు ఒక్కడికే తప్ప. నన్ను విడిగా లెక్కపెట్టాడు. దాన్ని తీయడానికి నేనొప్పుకోను."

వెలివేసినవాణ్ణి ఒప్పించాల్సి వస్తుందని రడ్మిలా అనుకుంది. వెలిపడినవాడు కూడా అడ్డం తిరుగుతాడని ఏ నియమావళిలోనూ లేదు.

"ఈ దేశంలో కంప్యూటరున్న ప్రతివాడూ నా పేరు చదివుంటాడు," అన్నాడు ఎవ్‌జెన్. "ఎంతమంది ఉండొచ్చంటారు?"

అబద్ధం ఆడదామని ఆమెకు ఒక్క క్షణం అనిపించింది. చేతకాలేదు.

"నేనొక్కదాన్నేనండీ. అదీ మొన్న గురువారం."

ఎవ్‌జెన్ ముఖం పడిపోయింది. అయినా వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాడు: "మీరొకరు. నేనొకణ్ణి. బావ ఒకడు. మొత్తానికి ముగ్గురం."

"మా ఆఫీసులో కామిల్ కూడా చదివాడు."

"ఆఁ, నలుగురు!"

మాట మారుద్దామని రడ్మిలా కంప్యూటరు వైపు చూసింది. తెర మీద పుస్తకాల జాబితా ఉంది. చూడగానే ఆమె వృత్తి కళ్ళు ఒకచోట ఆగిపోయాయి. సి, హెచ్‌తో కలిసి మొదలయ్యే రచయితల పేర్లు సగం సి కింద, సగం హెచ్ తరవాత ఉన్నాయి. పక్కన ఒక కాగితం మీద పెన్సిలు గుర్తులు.

"ఇదేంటండీ? ఇందులో అబెత్సెదా లేదా?"

"తీసేశాను."

"ఎందుకు?"

"బావ వాడొద్దన్నాడుగా."

రడ్మిలా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎవ్‌జెన్ కొంచెం సిగ్గుపడుతూ చెప్పాడు. వాక్యం చదివిన రోజే ఆ ప్యాకేజీని లైబ్రరీ కంప్యూటరులోంచి పీకేశాడు. అప్పటినుంచీ కొత్త పుస్తకాలొచ్చినప్పుడల్లా సి కింద తప్పుగా పడిన పేర్లను ఏరి, తన చేత్తో ఒక్కొక్కటీ సరైన చోటికి మారుస్తున్నాడు. తాను రాసిన వరసలు క్షణంలో చేసే పని అది.

"బడిలో పిల్లలకు చెప్పేవాణ్ణమ్మా, గేటు మీద రాసింది చదవగలిగినవాడు ఆగాలి, చదవలేనివాణ్ణి క్షమించొచ్చు అని. నేను చదివాను. ఇంకేం చేస్తాను?"

"ప్రతి శుక్రవారం చేప ముక్కలు చల్లారిపోయేదాకా ఇంటికి రానిది ఇందుకా!" వ్లాస్తా గొంతు గదిలో మోగింది. "నేనేమో పుస్తకాల మీద అంత ప్రేమేమో అనుకున్నా! ఒక్క మాట అడిగుంటే నోరు అరిగిపోయేదా? ఆయన రాయడమేంటి, నువ్వు పాటించడమేంటి! మీ ఇద్దరికీ తలలు పండాయి గాని..." ఆవిడ మాట పూర్తి చేయకుండానే తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. ఎక్కడికో అడగాల్సిన పని లేదు.

డలిబోర్‌ను ఆవిడ మోచెయ్యి పట్టుకునే తీసుకొచ్చింది. ఆయన గుమ్మంలో ఆగాడు. బావలిద్దరూ ఒకరినొకరు చూడకుండా ఇద్దరూ రడ్మిలానే చూశారు.

"చూపించండమ్మా," అన్నాడు డలిబోర్.

ఆమె తెర చూపించింది. పెన్సిలు గుర్తుల కాగితం చూపించింది. డలిబోర్ వంగి, జాబితా పైనుంచి కిందికి మెల్లిగా జరుపుతూ చదివాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"నువ్వు... ఇన్నాళ్ళూ వాడుకోలేదా?"

"వద్దన్నావుగా, బావా."

"కోపంలో ఏదో రాశానయ్యా! నువ్వు మామూలుగానే వాడుకుంటున్నావు, లోపల నన్ను చూసి నవ్వుకుంటున్నావు అనుకున్నా! లైసెన్సు ఎవడైనా చదువుతాడా!"

"నేను చదివాను. నీ ప్రోగ్రాము కదా, మొదటినుంచీ చివరిదాకా చదివాను."

డలిబోర్ కుర్చీ కోసం చుట్టూ చూశాడు. ఎవ్‌జెన్ లేచి తన కుర్చీ జరిపాడు. పెద్దాయన కంప్యూటరు ముందు కూర్చుని, తన ప్రోగ్రాము దాచుకున్న చోటు తెరిచి, ఆ అడుగు ఫైలులోని ఆ వాక్యం దగ్గరికి వచ్చాడు. వేలు మీట మీద పెట్టి ఆగాడు.

"వాక్యం మాత్రం బాగా కుదిరింది," అన్నాడు.

"చాలా బాగుంది," అన్నాడు ఎవ్‌జెన్ నిజాయితీగా. "ఒక్క మాట తీసేయడానికి లేదు."

"అందుకే మొత్తం తీసెయ్యండి," అంది రడ్మిలా.

వాక్యం పోయింది. పోయీ పోకముందే ఇద్దరికీ బేరాలు గుర్తొచ్చాయి.

"అయితే వీడు పెళ్ళిళ్ళలో మైకు ముట్టుకోకూడదని రాసుకుంటాను."

"అయితే నా వరసలు ఎక్కడ వాడినా లేచి నిలబడాలని నేనూ రాస్తాను."

"లైసెన్సులో ఏమీ రాయకూడదు!" రడ్మిలా దాదాపు అరిచింది. "ఇంట్లో రాసుకోండి, గోడ మీద రాసుకోండి. ఇందులో మాత్రం వద్దు. ఎవ్‌జెన్‌గారూ, మీ వరసలు కూడా ఇదే లైసెన్సు కింద అందరికీ ఇస్తున్నానని ఒక్క మాట రాసి పంపండి, చాలు. డలిబోర్‌గారూ, హక్కుదారుల దగ్గర ఆయన పేరు చేర్చండి."

"పేరా?" అన్నాడు ఎవ్‌జెన్. అడుగుతానని గాని, ఇస్తారని గాని ఆయన ఎప్పుడూ అనుకున్నట్టు లేదు.

డలిబోర్ టైపు చేశాడు. తన పేరు కింద ఆయన పేరు. ఎవ్‌జెన్ గొంతు సవరించుకున్నాడు.

"ఏం?" అన్నాడు డలిబోర్.

"ఏం లేదు. రెండు పేర్లున్నప్పుడు అకారాదిగా పెడతారు కదా అని. మనం చేసే పనే అది."

డలిబోర్ గొణుక్కుంటూ రెండు పేర్లనూ అబెత్సెదాకే ఇచ్చాడు. హనాక్ పైకి వెళ్ళింది, ఖర్వాత్ కిందికి వచ్చింది. హెచ్ తరవాతే కదా ఆ అక్షరం. ఎవ్‌జెన్ నోటిదాకా ఏదో వచ్చింది. అది బయటపడకుండా ఆయన పడుతున్న అవస్థ మెడ నరాల్లో కనిపించింది. వ్లాస్తా ఆయన్నే చూస్తూ నిలబడింది. ఆయన కిటికీ వైపు తిరిగి, వాన వచ్చేలా ఉంది అన్నాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు.

తరవాత ఎవ్‌జెన్ కూర్చుని ఆ ప్యాకేజీని లైబ్రరీ కంప్యూటరులో మళ్ళీ పెట్టాడు. జాబితా ఒకసారి రెప్పవేసినట్టు కదిలి, సర్దుకుంది. ఆయన పెన్సిలు పట్టుకుని పైనుంచి చూసుకుంటూ వెళ్ళాడు. ఒక్కచోట కూడా ఆగాల్సి రాలేదు.

"సరిగ్గా వచ్చిందా?" అడిగాడు డలిబోర్.

"వచ్చింది, బావా."

"బాగా రాశావు," అన్నాడు డలిబోర్, తలుపు వైపు చూస్తూ. పక్కగదిలో ఎవరికో చెప్పినట్టు చెప్పాడు గాని, ఆ గదిలో ఎవరూ లేరని అందరికీ తెలుసు.

రడ్మిలా బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. తరవాతి బస్సు వచ్చేదాకా వ్లాస్తా ఇంట్లో వేయించిన చేప, బంగాళాదుంపలు తింటూ, ఊరగాయ సీసా చీటీ చదవకుండానే రెండు ముక్కలు వేసుకుంది. ఆ సంగతి కామిల్‌కు చెప్పకూడదని మనసులో అనుకుంది.

సోమవారం ఆమె చీటీ దిద్దింది. లైసెన్సు పేరు మారలేదు, ఇప్పుడది నిజమైంది, అంతే. హక్కుదారులు ఇద్దరయ్యారు. ఆఫీసు పద్ధతి ప్రకారం ఎవరు దిద్దినా ఇంకొకరు చూసి సరేననాలి. కామిల్ రెండు క్షణాల్లో సరేనన్నాడు. రడ్మిలా దాన్ని వెనక్కి పంపింది.

"చదివి సరేనను."

"చదివాను!"

"హక్కుదారుల పేర్లు చెప్పు."

కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినిపించింది. కామిల్ నిజంగానే చదువుతున్నాడు, అడుగున ఉన్న ఫైలు దాకా.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం వ్లాస్తా ఫోను చేసింది. వెనక ఇద్దరు మగవాళ్ళ గొంతులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి.

"వీళ్ళు రోజూ ఇక్కడ అన్నయ్య నేలమాళిగలోనే కూర్చుంటున్నారమ్మా. అబెత్సెదాకు కొత్త రూపమట, ఏదో రాస్తున్నారు. ఇప్పుడు మాటల మధ్య ఖాళీ జాగా వరసలో అక్షరానికి ముందా వెనకా అని పొద్దుటినుంచీ కొట్టుకుంటున్నారు. భోజనం చల్లారిపోయింది."

"లైసెన్సులో ఏమైనా రాశారాండీ?" అంది రడ్మిలా కంగారుగా.

"లేదు. నేలమాళిగ గోడ మీద సుద్దతో రాసుకున్నారు, ఒకరి మీద ఒకరు."

"అయితే అది నా పని కాదండీ," అంది రడ్మిలా, కుర్చీలో వెనక్కి వాలి. "చదవండి, ఏం రాశారో?"

వ్లాస్తా ఫోను పట్టుకుని గోడ దగ్గరికి నడిచింది.